ముక్కు మీద రెండు ఎర్ర గుర్తులు

ఫిబ్రవరి 3

అక్కకి,

తప్పులుంటే నవ్వకు, కొట్టివేతలుంటే విసుక్కోకు. కాగితానికి ముక్కు ఆనిస్తే గాని నాకు గీతలు కనబడవని నీకు తెలుసు. ఐదో తరగతి చేతిరాత ఐదో తరగతిలోనే ఆగిపోయింది. ఒత్తు ఎక్కడైనా జారిపోతే నువ్వే ఎత్తి పెట్టుకుని చదువుకో.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో ఇన్నేళ్ళూ లోపలి గదిలో ఫైళ్ళ మధ్య కూర్చున్నారు కదా, ఇప్పుడు ముందు కౌంటరుకి వేస్తామన్నారట. జనం వచ్చి మాట్లాడే చోటు. ఆయన కళ్ళజోడుకి చెవి దగ్గర మడత ఊడిపోతే నేనే నల్లదారం చుట్టాను. కొత్త మేనేజరు అది చూసి, "దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని జనానికి భద్రత గురించి ఏం చెబుతావయ్యా? కౌంటరు మనిషిని చూడగానే నమ్మకం కలగాలి. మంచి ఫ్రేము కొనుక్కో పో," అన్నాడట.

ఆయన ఒక్కరే వెళ్ళి కొనుక్కోవచ్చు కదా! నన్ను వెంటబెట్టుకెళ్ళారు. కళ్ళజోళ్ళ షాపాయన భలే మాటకారి. "సార్, గుండ్రం పెడితే బడిపంతులు అనుకుంటారు. బంగారు రంగు పెడితే వడ్డీ వ్యాపారి అనుకుంటారు. కౌంటరుకంటే నలుపు, నలుచదరం," అంటూ ఒక్కొక్కటే ఆయన మొహానికి తగిలించాడు. ఆయన అద్దంలో చూసుకుని నవ్వారు. "వీటికి పవరు లేదు, నా పాత జోడు తీశాక నాకు నేనే మసకగా ఉన్నాను. ఇప్పుడు నువ్వే నా కళ్ళు. చూసి చెప్పు," అన్నారు.

దొంగకి తేలు కుట్టినట్టయింది అక్కా నా పని. చెయ్యి చాచినంత దూరంలో ఆయన మొహం నాకు నీళ్ళలో పడ్డ బొమ్మ. ఆ సంగతి చెప్పొద్దని నువ్వూ అమ్మా పెళ్ళికి ముందే ఒట్టేయించుకున్నారు. పెట్టిన ప్రతిదానికీ "బాగుంది" అన్నాను. ఆయన, "అన్నీ బాగుంటే అన్నీ కొనాలి. ఒక్కటి చెప్పు," అన్నారు. షాపులో జనం నా వైపే చూస్తున్నట్టనిపించింది. పక్కన ట్రేలో ఉన్నవి వేళ్ళతో తడిమాను. ఒకటి ఈకలా తేలిగ్గా, ఎక్కడా గరుకు లేకుండా ఉంది. అదే తీసిచ్చాను.

"ఇదేనా మేడమ్?" అన్నాడు షాపాయన.

"ఇదే," అన్నాను. పరాయివాళ్ళ ముందు నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"మా ఆవిడ చెప్పిందే ఖాయం," అన్నారు ఆయన.

రేపు పెట్టుకుని కౌంటరుకి వెళతారు. కానీ నాకు లోపల ఒక పురుగు దొలుస్తోంది. నాకు చూపు తక్కువని కనిపెట్టడానికే నన్ను తీసుకెళ్ళారంటావా? లేకపోతే "నువ్వే నా కళ్ళు" అని అంత నొక్కి ఎందుకు అనాలి?

బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి


ఫిబ్రవరి 9

పిచ్చిమొహమా,

నీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పూట పట్టింది. నీ అక్షరాలు వానలో తడిసిన కోడిపిల్లల్లా ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. అయినా రాయడం మానకు.

చూపు సంగతి నోరు జారావో, అంతే. బోర్డు కనబడక బడి మానేశావని తెలిస్తే వాళ్ళ ఇంట్లో ముందు అమ్మని అంటారు, తర్వాత నన్ను. "అద్దాలు పెట్టుకునే పిల్ల అని చెబితే పెళ్ళివారు రెండో మాట మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతారు," అని అమ్మ ఏడ్చింది గుర్తుందిగా. ఇంతకాలం దాగింది, ఇక ముందూ దాగుతుంది. అన్నం వండటానికి, ఇల్లు ఊడవటానికి దూరపు చూపు అక్కర్లేదు.

నాకు అనుమానం వచ్చింది వేరే చోట. ఏళ్ళ తరబడి దారం కట్టిన కళ్ళజోడుతో తిరిగిన మనిషికి ఉన్నట్టుండి షోకు ఎందుకు పుట్టింది? మేనేజరు అన్నాడంటావు. మేనేజరు అన్నాడని నీతో చెప్పింది ఎవరు? ఆయనే. నా కుట్టుమిషను ముందు కూర్చుని బట్టలు కుట్టించుకునే ఆడవాళ్ళు లోకంలో ఉన్న సంగతులన్నీ చెబుతారు. పెళ్ళయిన మగవాడు అద్దం ముందు కాసేపు ఎక్కువ నిలబడ్డాడంటే, ఆ అద్దంలో ఇంకెవరో కనబడుతున్నట్టే లెక్క.

ఆ ఆఫీసులో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు? నెమ్మదిగా అడుగు. అడిగినట్టు ఉండకూడదు.

బావ ఇప్పుడే ఇస్త్రీ పెట్టెతో చొక్కా కాల్చుకున్నాడు. ఇక ఆపుతాను, ఆ కాలిన చొక్కాని ఏం చెయ్యాలో చూడాలి.

మీ అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నీ నోట్లో ఏం ఉందో గాని, నువ్వు అన్నట్టే అవుతోంది.

కొత్త కళ్ళజోడుతో కౌంటరుకి వెళ్ళిన మొదటి రోజు ఆయన ఇంటికి వచ్చి అడిగితే గాని నోరు విప్పలేదు. "ఎలా జరిగింది?" అంటే "జరిగింది" అన్నారు. "జనం వచ్చారా?" అంటే "వచ్చారు, నవ్వారు, వెళ్ళారు" అన్నారు. నవ్వుతూ మాట్లాడుకున్నారు కాబోలు, మంచిదే కదా అనుకున్నాను. ఆ మరుసటి రోజు నుంచి ఆయన అదో రకంగా తయారయ్యారు. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో నిలబడి, "ఈ కళ్ళజోడులో ఎలా ఉన్నాను?" అని అడుగుతారు. "బాగున్నారు" అంటాను. "నిజంగానేనా?" "నిజంగానే." అప్పుడు ఊపిరి గట్టిగా వదిలి లోపలికి పోతారు. రోజూ ఇదే తంతు. పరీక్ష పెడుతున్నట్టుంది. ఏం జవాబు చెబితే పాసవుతానో తెలీదు.

అసలు సంగతి ఇది. మొన్న తలనొప్పి అంటే నుదుటికి మందు రాయడానికి మీదికి వంగాను. అంత దగ్గరయితే నాకు అన్నీ కనబడతాయి, నీకు తెలుసుగా. ఆయన ముక్కుకి రెండు పక్కలా రెండు ఎర్ర గుర్తులున్నాయి, చిక్కుడు గింజల్లా. నేను ఏరిన ఫ్రేముకి ముక్కు మీద ఆనే గుబ్బలు లేవు. అంతా ఒకటే నున్నటి వంపు. నేను వేళ్ళతో తడిమి ఏరినదే కదా, నాకు తెలీదా? గుబ్బలున్న ఇంకో కళ్ళజోడు ఆయన ఎక్కడో పెట్టుకుంటున్నారు. పొద్దున నేను ఏరినదే పెట్టుకుని వెళతారు, సాయంత్రం అదే పెట్టుకుని వస్తారు. మధ్యలో ఏది? ఎక్కడ? ఎవరి కోసం?

"ఇవేంటి?" అని అడిగాను. "ఏవి?" అంటూ ముక్కు తుడిచేసుకున్నారు. అక్కా, తుడిస్తే పోయేవా అవి?

ఆఫీసులో ఆడవాళ్ళ సంగతి కూరగాయల మాటల్లో కలిపి అడిగాను. ఒక టైపిస్టు ఉందట. "ఎందుకు?" అన్నారు వెంటనే. ఊరికే అడిగితే ఎందుకు అనడం దేనికి?

నీ చెల్లి


ఫిబ్రవరి 26

చెల్లీ,

రెండో కళ్ళజోడు! నా మిషను దగ్గర ఇన్ని కథలు విన్నాను గాని, రెండో కాపురానికి రెండో కళ్ళజోడు అన్నమాట ఇప్పుడే వింటున్నాను. చెంప మీద అంత కాలిన మచ్చ పెట్టుకున్న మనిషికి ఇంత షోకా? పెళ్ళిలో ఆ మచ్చ చూసి నేను అమ్మతో అన్నాను, "పోనీలే, వీడి వైపు ఇంకో ఆడది చూడదు, మన పిల్ల నిశ్చింతగా ఉంటుంది," అని. ఇదీ మన నిశ్చింత!

నువ్వు ఇంట్లో కూర్చుని ఆయన ముక్కు చూస్తూ కూర్చుంటే లాభం లేదు. క్యారేజీ మర్చిపోయినట్టు పొద్దున చెయ్యి. మధ్యాహ్నం నువ్వే తీసుకుని ఆఫీసుకి వెళ్ళు. కబురు పెట్టకు. తలుపు తీసి లోపలికి పోకు, బయటినుంచి చూడు. ఏ కళ్ళజోడు, ఎవరి పక్కన. బస్సు నంబరు కనబడకపోతే ఎవరినైనా అడుగు. నోరు లేనిదానివి కాదు, "ఇదే" అని షాపులో అన్నావుగా, ఆ గొంతుతోనే అడుగు.

చూసింది చూసినట్టు రాయి. భయపడకు. నేనున్నాను.

మీ అక్క


మార్చి 6

అక్కా,

ముందు ఒక మాట. ఆయన మొహం గురించి నువ్వు అలా రాయకు. నేను ఆయన్ని అనుమానించడం వేరు, నువ్వు ఆ మచ్చని ఎత్తిపొడవడం వేరు.

వెళ్ళాను. ఎలా వెళ్ళానో నాకే తెలీదు, బస్సులో ఇద్దరిని అడిగితే ఇద్దరూ చెరో వైపు చూపించారు. ఆఫీసు ముందు గోడంతా అద్దం. దాని పక్కన స్తంభం ఉంటే దాని చాటున నిలబడ్డాను. ఆయన పొద్దున నీలం చొక్కా వేసుకెళ్ళారు. కౌంటరు వెనక నీలం చొక్కా కనబడింది. మొహం మీద నల్లటి కళ్ళజోడు. పక్కనే ఎర్ర బట్టల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆయన ఏదో అన్నారు, ఆమె పగలబడి నవ్వింది. అద్దంలోంచి నాకు కూడా వినబడింది. తర్వాత ఆమె రెండు చేతులూ చాచి, ఆయన కళ్ళజోడు సర్ది, చెవుల వెనక సరిగ్గా పెట్టింది. ఇంట్లో పిల్లాడికి పెట్టినట్టు.

నేను పెళ్ళయినప్పటి నుంచీ ఆయన కళ్ళజోడు తుడిచి ఇస్తానే గాని, ఇంతవరకు నా చేత్తో మొహానికి పెట్టలేదు అక్కా.

క్యారేజీ కాపలా మనిషికి ఇచ్చేసి వచ్చేశాను. సాయంత్రం ఆయన ఖాళీ క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టారు. "వచ్చావట కదా," అన్నారు. "లోపలికి ఎందుకు రాలేదు?" అన్నారు. "మీరు పనిలో ఉన్నారని," అన్నాను. "అంతా చూశావన్నమాట," అన్నారు. గొంతు అదోలా ఉంది. "చూశాను," అన్నాను. ఇక ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ రోజు మొదలు కళ్ళజోడు ఎలా ఉందని అడగడం కూడా మానేశారు.

నాకు అన్నం సయించడం లేదు. ఇంటికి వచ్చెయ్యనా?

నీ చెల్లి


మార్చి 10

చెల్లీ,

రాకు. నువ్వు వస్తే తప్పు నీదవుతుంది. నేను చేయాల్సింది చేసేశాను.

మా వీధి మందుల షాపులో ఫోను ఉంది. ఆయన ఆఫీసుకి ఫోను చేసి పిలిపించాను. షాపులో ఉన్నవాళ్ళు మందులు మానేసి నా మాటలే విన్నారు, విననీ. "ఏం మరిదీ, కౌంటరులో కులుకులు ఎలా ఉన్నాయి? అది వచ్చి కళ్ళారా చూసింది," అన్నాను. "ఏం చూసింది వదినా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. "బారెడు దూరంలో మనిషిని గుర్తుపట్టలేని పిల్ల, ఎదురుగా ఏం చేసినా కనబడదులే అని ధీమానా? చూపు లేని దాన్ని ఇలాగేనా మోసం చేసేది?" అని కడిగేశాను.

అటువైపు చప్పుడు లేదు. చాలాసేపటికి, "ఏమన్నావు వదినా? మళ్ళీ చెప్పు," అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. తప్పు చేసినవాడికి నోరు పెగలదు, చూశావా!

ధైర్యంగా ఉండు.

మీ అక్క


మార్చి 15

అక్కా,

ఎంత పని చేశావు. ఆయనకి నా చూపు సంగతి తెలీదే! తెలిసే మోసం చేస్తున్నాడని నువ్వు ఎలా అనుకున్నావు? దాచమని ఒట్టేయించుకుంది నువ్వే, ఫోనులో అరిచి చెప్పిందీ నువ్వే.

ఆ రోజు ఆయన పెందలాడే ఇంటికి వచ్చారు. నేను గదికి ఈ చివర బట్టలు మడత పెడుతున్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, "నేను ఇప్పుడు నవ్వుతున్నానా, ఏడుస్తున్నానా?" అన్నారు.

నేను మడత పెట్టిన బట్టనే విప్పి మళ్ళీ మడత పెట్టాను.

"చెప్పు. నవ్వుతున్నానా, ఏడుస్తున్నానా?"

"కోపంగా ఉన్నారు," అన్నాను, గొంతుని బట్టి.

ఆయన అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయారు. "నవ్వుతున్నాను," అన్నారు. "ఏం చెయ్యాలో తెలీక నవ్వుతున్నాను."

అప్పుడు అన్నీ బయటపడ్డాయి. ఆ రోజు షాపులో నేను తడిమి ఏరింది ఆడవాళ్ళ ఫ్రేమట! వంకాయ రంగు, రెండు కొసలూ పిల్లి చెవుల్లా పైకి లేచి ఉంటాయట. ఆయనకి అద్దంలో కనబడక, నా మాట మీద నమ్మకంతో కొనేశారు. పవరు వేయించుకుని మర్నాడు పొద్దున చీకటితో, అద్దం కూడా చూసుకోకుండా బస్సు పట్టుకుని వెళ్ళి కౌంటరులో కూర్చున్నారట. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నవ్వారట. మేనేజరు పిలిచి, "నమ్మకం కలిగించమంటే నాటకం వేస్తున్నావా?" అని కౌంటరు వేరే ఆయనకి ఇచ్చేశాడు. మా ఆయన మళ్ళీ ఫైళ్ళ గదిలోకే. నేను అద్దంలోంచి చూసిన నీలం చొక్కా ఆ వేరే ఆయనది. ఎర్ర బట్టల ఆవిడ టైపిస్టు, అతని భార్యేనట. మొగుడి కళ్ళజోడు పెళ్ళాం సర్దుతుంటే చూసి నేను ఇంటికి వచ్చి ఏడ్చాను.

గుబ్బల కళ్ళజోడు నిజమే. ఆ టైపిస్టు తన మొగుడికి ఏరినట్టే ఈయనకీ ఒకటి ఏరిపెట్టిందట, మొగుడు పక్కన ఉండగానే. ఆఫీసులో అది, ఇంటికి వచ్చేటప్పుడు నాది. "నువ్వు చిన్నబుచ్చుకుంటావని మొదట్లో," అన్నారు. "తర్వాత చిన్నబుచ్చుకుంటావని కాదు. రోజూ గుమ్మంలో నిలబడి అడిగాను. రోజూ బాగుందన్నావు. ఈ నెమ్మదైన మనిషి లోపల ఇంత వెటకారం ఉందా, నేనంటే ఇష్టం లేక నలుగురిలో నవ్వులపాలు చేసి తమాషా చూస్తోందా అనుకున్నాను. క్యారేజీ వంకతో వచ్చింది కూడా ఆ తమాషా చూడటానికే అనుకున్నాను."

ఇంకేమేం దాచావని అడిగారు. ఏమీ లేదన్నాను. "దాచినవాళ్ళంతా అదే అంటారు," అన్నారు. నిజమే కదా. గుమ్మం మీంచి లేచి, "సరే, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళదాం. వచ్చే వారం," అన్నారు.

నీ మీద కోపం లేదు. ఉంది, కానీ రాయడానికి ఓపిక లేదు.

నీ చెల్లి


మార్చి 24

చెల్లీ,

మందుల షాపు ముందు నుంచి వెళ్ళడం మానేశాను. షాపువాడు, "ఏమ్మా, మరిది ఎలా ఉన్నాడు?" అని అడుగుతున్నాడు. అడుసు నేనే తొక్కాను, కాలు నేనే కడుక్కుంటాను. నువ్వు తిట్టలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

కానీ ఒకటి చెప్పు. వచ్చే వారం అన్నాడు, ఆ వారం అయిపోయింది. నీకు అద్దాలు వేయించాడా? లేదంటే ఎందుకు లేదు? ఖర్చుకి వెనకాడే మనిషి కాదని నువ్వే రాశావు ఒకప్పుడు. అద్దాలు వేయించడం దండగ, పుట్టింటికి పంపేద్దాం అని గాని లెక్కలు వేసుకుంటున్నాడా? అనుమానిస్తున్నానని అనుకోకు. అనుమానిస్తున్నాను. ఒకసారి తప్పాను గదా అని ప్రతిసారీ తప్పుతానా?

మీ అక్క


ఏప్రిల్ 4

అక్కా,

నువ్వు రాసిన రోజుకి నాకూ అదే అనుమానం. వారం దాటింది, ఇంకో వారం వచ్చింది. ఒక రోజు పని ఎక్కువ అన్నారు. ఒక రోజు డాక్టరు లేడన్నారు. డాక్టరు ఉన్నాడని పక్కింటావిడ చెప్పింది. పంపేస్తారు కాబోలు అని నా బట్టలు నేనే ఒక పక్కకి పెట్టుకున్నాను, అడగకముందే సిద్ధంగా ఉంటే సిగ్గు తక్కువ కదా అని. ఆయన ఆ మూట చూశారు. మర్నాడు పొద్దున చెప్పులు వేసుకుని, "పద," అన్నారు.

డాక్టరు నా కంటికి ఇనప చట్రం తగిలించి, అద్దాలు ఒక్కొక్కటే జారవిడిచాడు. ఒక అద్దం దగ్గర గోడ మీద అక్షరాలు కాటుక పెట్టినట్టు నల్లగా నిలబడ్డాయి. "ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?" అన్నాడు డాక్టరు. మా ఆయన మాత్రం లోపలికి రాకుండా గది బయటే నిలబడ్డారు.

తర్వాత ఫ్రేము ఏరడం. షాపాయన నన్ను గుర్తుపట్టి గొంతు సవరించుకున్నాడు. ఈసారి నాకు అద్దంలో నేను కనబడను, ఆయనకి నేను కనబడతాను. ఆయన నా ఎదురుగా నిలబడి చాలాసేపు ఏరారు. నాకు ఏదో ఒక భయం, కక్ష తీర్చుకోవడానికి ఏ కోతి మొహం ఫ్రేమో అంటగడతారేమోనని. గోధుమ రంగుది ఒకటి పెట్టి, "ఇది," అన్నారు. "నిజం చెప్పండి," అన్నాను. "నీలాగా చెప్పడం నాకు రాదు," అన్నారు.

అద్దాలు తయారయ్యాక మళ్ళీ వెళ్ళాం. షాపాయన నా చెవులకి తగిలించి, అద్దం ముందు పెట్టాడు. అక్కా, నా కనుబొమల మధ్య చిన్న పుట్టుమచ్చ ఉందని నువ్వెప్పుడూ చెప్పలేదు. ఫ్రేము బాగుంది. బాగుందని అద్దంలో చూసి నేనే చెబుతున్నాను.

తల తిప్పి చూస్తే ఆయన లేరు. షాపు బయట, రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నారు. నన్ను ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతున్నారా? నేనే బయటికి వెళ్ళాను. గులకరాళ్ళు, బస్సు నంబర్లు, ఎదురింటి మీద ఆరేసిన బట్టలు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. అవేవీ నాకు పట్టలేదు. పిలిచాను. ఒక పక్క మొహమే ఇటు తిప్పారు.

"పూర్తిగా తిరగండి."

"ఎండ కళ్ళలో పడుతోంది."

"మబ్బుగా ఉంది."

అయినా తిరగలేదు. "ఎవరు నన్ను చూసినా ముందు వాళ్ళ చూపు ఆ చెంప మీదే పడుతుంది," అన్నారు నెమ్మదిగా. "నువ్వు ఒక్కదానివే ఇన్నాళ్ళూ దాన్ని చూడలేదు. అది చూసి కూడా పట్టించుకోని మనిషి దొరికిందని నేను ఎంత గర్వపడ్డానో. మీ అక్క ఫోనులో అరిచాక తెలిసింది, నీకు కనబడనే లేదని. వాయిదాలు వేసింది అందుకే. ఇప్పుడు చూస్తావు." అని, తిరిగారు.

చూశాను. చెవి కింద మొదలై, చెంపంతా ముడతపడి, పెదవి కొస దాకా ఉంది.

"ఇదా?" అన్నాను. "ఇది నాకు తెలుసు."

"మీ అక్క చెప్పిందా?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలోనే తెలుసు."

"అబద్ధం చెప్పడం నీకు అలవాటే," అన్నారు. కళ్ళజోడు వెనక ఆయన కళ్ళు ఎంత అనుమానంగా చూస్తున్నాయో! అనుమానం అంటే మొహంలో ఇలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

రోడ్డు మీద జనం పోతున్నారు. ఇంకెలా నమ్మించను? చెయ్యి ఎత్తి ఆయన చెంప మీద పెట్టాను. "చెవి దగ్గర గట్టిగా ఉంటుంది. ఇక్కడ తాడులా ఉంటుంది. ఇదిగో, ఈ ఒక్క చోట రూపాయి బిళ్ళంత మెత్తగా ఉంటుంది. ఇక్కడ తాకితే మీకు తెలీదు. మీరు నిద్రపోయాక నేను ఎప్పుడూ ఇక్కడే వేలు పెడతాను, మీరు లేవరని," అన్నాను.

ఆయన తన వేలు తీసుకెళ్ళి ఆ చోట నొక్కి చూసుకున్నారు. మళ్ళీ నొక్కారు. "అవును," అన్నారు. "ఇక్కడ నాకేమీ తెలీదు. ఇది డాక్టర్లకి తప్ప ఎవరికీ..." అని ఆగిపోయారు. ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. మగవాళ్ళకి కూడా సిగ్గు చెవుల్లోకి వస్తుందని నీకు తెలుసా?

ఇంటికి వచ్చి ఆ బట్టల మూట ఆయనే విప్పారు. కౌంటరు ఇంకా ఆ టైపిస్టు మొగుడిదే. "లోపల ఫ్యానుంది," అంటున్నారు. నేను నమ్మలేదు, మొహం చూస్తే తెలిసిపోతోంది బాధ ఉందని. ఇక నాతో ఆ ఆటలు సాగవు.

అక్కా, నేను వేలు పెట్టే సంగతి నీకు రాసేశాను, రాశాక ఒళ్ళంతా చెమట పట్టింది. అమ్మకి చదివి వినిపించకు. బావ కంట పడనీకు. మిషను పెట్టెలో దాచకు, బట్టలు కుట్టించుకునే వాళ్ళు అందులోంచి దారం తీస్తారు. చింపితే సరిపోదు, నువ్వు ముక్కలు అతికించుకుని మళ్ళీ చదివే రకం. చదివింది చాలు. లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి, కాల్చెయ్యి. పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడు.

నీ చెల్లి